ఊ కొట్టిన ఎదురింటాయన

పార్సిల్‌లో కొత్త చాకు వచ్చి పది నిమిషాలు కాలేదు, చాకు బాబాయ్ భార్య స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంది.

“ఒక్కసారి చూడవే! లాక్ చూడు!” అంటూ ఆయన తలుపు కొట్టాడు.

“కుళాయి తిప్పానండీ, ఏమీ వినపడ్డం లేదు,” అంది ఆవిడ లోపలి నుంచి. కుళాయి చప్పుడు మాత్రం ఎక్కడా లేదు.

చాకు బాబాయ్ అసలు పేరు ఆ ఫ్లాట్లలో ఎవరికీ గుర్తులేదు. ఆఫీసులో ఉన్నంతసేపూ బీమా ఫైళ్ళు చూస్తాడు, మిగతా టైమంతా మడత చాకులు చూస్తాడు. చాకులంటే చెవి కోసుకుంటాడు. జనం మాత్రం ఆయన కనపడితే చెవులు మూసుకుంటారు. ఆయన జేబులో చెయ్యి పెడితే చాలు, ఆఫీసులో పక్క సీటాయన మోగని ఫోన్ ఎత్తి “హలో” అంటాడు. బావమరిది వస్తే గుమ్మంలోనే నిలబడి మాట్లాడి అటునుంచి అటే వెళ్ళిపోతాడు.

ఇరవై రెండేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆయన చెప్పేది చివరిదాకా వినలేదు. ఉక్కు గురించి మొదలెట్టగానే సగం మంది లేచిపోతారు. పిడి దగ్గరికొచ్చేసరికి మిగతా సగం. అసలు ప్రాణమంతా తెరిచిన బ్లేడుని పట్టి ఉంచే లాక్‌లోనే కదా ఉంది! అక్కడిదాకా ఎవరూ ఉండరు. పైకి నవ్వేస్తాడు గానీ, లోపల ఆయనకి చాలా బాధ. ఒక్క మనిషి, ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా వింటే చాలు, జన్మకి ఇంకేమీ అక్కర్లేదనుకుంటాడు.

“ఏమండీ, ఎదురింట్లో ఇందాకటి నుంచి ఏదో చప్పుడవుతోంది,” అంది భార్య లోపలి నుంచే. “ఆయనొక్కడే ఉన్నాడు పాపం. వెళ్ళి చూసి రండి. ఆ చాకు కూడా పట్టుకెళ్ళండి!”

ఎదురింటాయన ఆడిటరు. మాట కరుకు. పోయిన నెల లిఫ్టులో చాకు బాబాయ్ “మొన్న ఒక కొత్త...” అనేసరికి, రెండో అంతస్తులోనే దిగిపోయి, మిగతా మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చిన ఘనుడు. భార్యా పిల్లలూ ఊరెళ్ళి నాలుగు రోజులైంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టగానే తెరుచుకుంది. హాలు మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు ఎదురింటాయన. చుట్టూ బట్టలు, కాగితాలు. ఇంకో రోజైతే చాకు బాబాయ్ ముందు ఆ సంగతే కనుక్కునేవాడు. కానీ తనని చూడగానే ఎదురింటాయన కళ్ళు వెలిగాయి. తనని చూసి ఒకరి కళ్ళు వెలగడం ఆయనకి కొత్త. పైగా ఆ చూపు నేరుగా వచ్చి చేతిలో ఉన్న చాకు మీద పడింది.

“ఊఁ!” అన్నాడు ఎదురింటాయన.

“గుర్తుపట్టారా! మీకూ చాకులంటే ఇష్టమని ఇన్నాళ్ళూ చెప్పనేలేదే సార్!”

“ఊఁ! ఊఁ!”

“అర్థమైంది, అర్థమైంది. అక్కడికే వస్తున్నా. మధ్యలోంచి చెబితే మజా ఉండదు.”

చాకు బాబాయ్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఉక్కుతో మొదలుపెట్టాడు. ఎదురింటాయన లేచిపోలేదు. పిడి దగ్గరికొచ్చాడు. అప్పుడూ లేచిపోలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. కథ వినే పిల్లాడిలా ప్రతి మాటకీ ఊ కొట్టాడు. ఒక్క అడ్డు ప్రశ్న లేదు, ఒక్క ఆవలింత లేదు.

“సార్... ఇప్పుడు... లాక్,” అన్నాడు చాకు బాబాయ్. స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

“ఊఁ...”

“పాత చాకుల్లో చిన్న రేకు అడ్డంపడి బ్లేడుని ఆపుతుంది. ఆ రేకు అరిగిందా, బ్లేడు మన వేళ్ళ మీదే మడుచుకుంటుంది. ఇందులో రేకే లేదు! చిన్న స్టీలు గుండు. బ్లేడు తెరవగానే వచ్చి వెనకాల కూర్చుంటుంది. ఎంత నొక్కితే అంత బిగుస్తుంది. మడవాలంటే ఈ మీట వెనక్కి లాగితే సరి. ఒంటి చేత్తో! వినండి.”

టక్.

ఎదురింటాయన కుర్చీతో సహా ఎగిరినంత పని చేశాడు.

“మళ్ళీనా? తప్పకుండా!”

టక్. టక్. టక్.

ఎదురింటాయన కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. లాక్ చూసి కన్నీళ్ళు పెట్టుకున్న మనిషిని చాకు బాబాయ్ ఇంతవరకూ చూడలేదు. ఇలాంటి మనిషినా నేను కరుకువాడనుకున్నాను అని తెగ సిగ్గుపడ్డాడు. తన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

అంతా చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. చెప్పాల్సింది ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఇరవై రెండేళ్ళ బరువు దిగిపోయినట్టయింది.

“మీ మేలు ఈ జన్మకి మర్చిపోను సార్. ఇక మీ సంగతి చూద్దాం,” అంటూ చాకు తెరిచి ముందుకు వంగాడు.

అంతలోనే చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“కదలకుండా కూర్చోండి, ఇంటికెళ్ళి కత్తెర తెస్తాను,” అన్నాడు చాకు మడిచి భద్రంగా జేబులో వేసుకుంటూ, “దొంగలు మీ నోటికీ చేతులకీ కాళ్ళకీ చుట్టిపోయిన ఈ టేపు జిగురు కొత్త బ్లేడుకి అంటుకుందంటే, ఇక చచ్చినా వదలదు సార్!”