గేరు మార్చకు

"మామయ్యా, ఇందులోకి నేను దించలేను," అంది నర్సు, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా.

ఎదురుగా వాగు. నిన్న మధ్యాహ్నం దాకా పాదాలు తడిసేంత నీళ్లే. కొండల్లో కురిసిన వానకి ఇప్పుడు ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. అవతలి గట్టు మీద తాపీమేస్త్రీ తువ్వాలు ఊపుతూ నిలబడి ఉన్నాడు. అతని భార్యకి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. అంబులెన్సు ఇక్కడిదాకా వచ్చి, నీళ్లు చూసి, వెనక్కి తిరిగిపోయింది.

"ఇది అంబులెన్సు కాదమ్మాయ్," అన్నాడు పక్క సీట్లో కూర్చున్న మామగారు. "సైన్యం కోసం పుట్టిన బండి. రంగు మార్చి, మెత్తటి సీట్లు వేసి, పాటలు పాడే డబ్బా బిగించి మనలాంటివాళ్లకి అమ్ముతున్నారు గానీ, లోపల ఎముకలు అవే."

"బండికి భయం లేదు మామయ్యా. భయమంతా నాకే."

ఆమె భర్త ఆ బండి కొని పదిహేను రోజులు. అప్పట్నుంచీ ఆమె దాన్ని ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తారు రోడ్డు మీదే నడిపింది. మామగారు స్టీరింగ్ ముట్టుకోలేదు గానీ, పక్కన కూర్చుని తప్పులెన్నడం మానలేదు. "సైన్యంలో ఇరవై రెండేళ్లు ఈ జాతి బండిలోనే తిరిగాను" అనేవాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ నోరు లేచేది కాదు. షోరూమ్ కుర్రవాడైతే ఆయన అడిగిన ప్రశ్నలకి నీళ్లు నమిలాడు.

మామగారు బండి దిగాడు. పంట్లాం మోకాళ్ల పైకి మడిచి, ఓ కర్ర తీసుకుని వాగులోకి నడిచాడు. కర్రతో పొడిచి చూసుకుంటూ సగం దాకా వెళ్లి, తొడల దాకా తడిసి తిరిగొచ్చాడు.

"అడుగున గులకరాళ్లే. బురద లేదు. దాటొచ్చు."

"ఆగిపోతే?"

"నువ్వు ఆపితేనే ఆగుతుంది. సీటు బెల్టు తియ్యి. అద్దాలు దించు. ఆ చిన్న రాడ్డు కిందికి లాగు. ఇప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి. రెండో గేరు వెయ్యి. ఇక అవతలి గట్టు ఎక్కేదాకా క్లచ్ అన్న మాట మర్చిపో."

ఆమె రెండో గేరు వేసి బండిని దించింది. నీళ్లు ముందు బంపరుకి తగిలి రెండు పాయలుగా చీలాయి. తర్వాత లైట్లు మునిగాయి. తలుపు అంచు నుంచి చల్లటి నీళ్లు ఆమె చెప్పుల్లోకి చేరాయి. నడిమధ్యలో ఏదో రాయి కింద కదిలి, బండి ఒక పక్కకి ఒరిగింది. ఇంజను గొంతు బరువెక్కింది. ఆమె చెయ్యి తనంతట తానే గేరు రాడ్డు మీదికి వెళ్లింది.

"గేరు మార్చకు!"

ఆ కేకకి ఆమె చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"యాక్సిలరేటర్ అలాగే పట్టు. పెంచకు, తగ్గించకు. నీళ్ల వైపు చూడకు తల్లీ, ఆ మేస్త్రీ తువ్వాలు చూడు. అంతే. అదే దారి."

ఆయన గొంతు తొణకలేదు. ఆ గొంతు పట్టుకునే ఆమె మిగతా వాగు దాటింది. ముందు చక్రాలు గట్టు పట్టాయి. బండి ఒళ్లంతా నీళ్లు కార్చుకుంటూ పైకెక్కింది.

"బ్రేకు రెండు మూడుసార్లు మెల్లిగా తొక్కు. తడి ఆరుతుంది," అన్నాడాయన, పంట్లాం పిండుకుంటూ.

మేస్త్రీ దండం పెట్టబోయాడు. "తర్వాత పెడుదువుగానిలే, ముందు ఇల్లెక్కడో చూపించు," అని నర్సు సంచీ అందుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. తల్లి కులాసాగానే ఉంది గానీ, కుట్లు పడాలి. ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదు. అప్పటికి వాగు జానెడు తగ్గింది. మేస్త్రీ తన భార్యని ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె తల తన ఒళ్లో పెట్టుకున్నాడు.

నర్సు ఒక చేత్తో పసిపిల్లని పొదువుకుని, రెండో చేత్తో తాళంచెవి మామగారికి అందించింది.

"ఇప్పుడు మీరు నడపండి మామయ్యా. నేను పాపని పట్టుకుంటాను."

ఆయన తాళంచెవి తీసుకోలేదు. మేస్త్రీ వైపు ఓరగా చూసి, కోడల్ని రెండడుగులు అవతలికి పిలిచాడు.

"బండి నువ్వే నడుపు తల్లీ. పాపని నాకివ్వు."

"అదేమిటి మామయ్యా? ఇరవై రెండేళ్లు..."

"తిరిగానన్నాను. నడిపానని ఎప్పుడైనా అన్నానా?"

ఆమె తాళంచెవి గుప్పిట్లోకి తీసుకుంది.

"మరి వాగులో గేరు మార్చకూడదని మీకెలా తెలుసు?"

ఆయన పసిపిల్లని జాగ్రత్తగా చేతుల్లోకి తీసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"వాగులో డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా వెనక నా ఒళ్లో టీ డేక్సా ఒలికిపోయేది. నేను వంటవాణ్ణి తల్లీ."