పేరు కొట్టించిన కంచం

“తిన్నావా తల్లీ?”

లోహిత పెట్టిన వీడియో కింద ఆ ఒక్క కామెంటే వేరుగా ఉంది. మిగతావన్నీ ‘సూపర్’లూ, ఎర్రటి గుండె బొమ్మలూ.

“ఎవురు మే ఈ భానుప్రియ?” అంది పక్క మంచం నాగవేణి, తొంగిచూసి.

“ఏమో! వారం నుంచీ ఇదే పాట.”

“పేరు ఆడపిల్లది. ఎనకాల ఉండేది ఏ మీసాలోడో!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

లోహితది కార్వేటినగరం. తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు. హాస్టలుకు పంపేటప్పుడు వాళ్ళమ్మ స్టీలు కంచం కొని, అంచు మీద ‘కార్వేటినగరం లోహిత’ అని పేరు కొట్టించి ఇచ్చింది. ఎనభై మంది ఆడపిల్లల కంచాలు కలిసిపోయే చోటు మరి! తిన్నాక కంచాన్ని భోజనాల గది గోడకున్న చిన్న కిటికీలో పెడితే, అవతల నుంచి ఒక తడిచెయ్యి అందుకునేది. కడిగిన కంచాల్లోంచి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోవాలి.

ఫోనులోనూ ఆ పిల్ల పెట్టుకున్న పేరు అదే, కార్వేటినగరం లోహిత.

వీడియో పెట్టేముందు తెర మీద వేలితో అలా జరిపితే చాలు, బుగ్గలు లోపలికి పోయేవి, నడుము సన్నబడేది. నెల కిందట ఒకరోజు ఆ జరపడం మరిచిపోయింది.

“పిండిమూట వచ్చిందిరోయ్” అని రాశాడు ఎవడో. దానికి నాలుగు వందల మంది నవ్వారు.

ఆ నవ్వులు పిల్ల చెవుల్లోంచి పోలేదు. ఫోనులో ముఖానికి వేలు చాలు. అసలు ముఖానికి అన్నం మానడమే దారి అనుకుంది. కడుపు మాడ్చుకుంటే రూపు వస్తుందా? చెప్పేవాళ్ళెవరు?

సంగటీ, పప్పూ అందరితోపాటే పెట్టించుకునేది. ఇటూ అటూ కెలికేది. కంచంతో సహా కిటికీలోకి తోసేసేది. నాగవేణి ఏనాడూ గమనించలేదు. ఆమె కళ్ళు ఆమె ఫోనులో ఉండేవి.

మరునాడు మళ్ళీ భానుప్రియ.

“నిన్న రెండు ముద్దలు. ఈ పొద్దు అదీ లేదు.”

ఈసారి నవ్వు రాలేదు.

“ఎవురో నిన్ను సూస్తా ఉండారు మే!” అంది నాగవేణి. “ఎదురు మేడ మీద నుంచేమో.”

భోజనాల గదికి వీధివైపున్న కిటికీలన్నీ మూసేశారు.

అయినా కామెంటు వచ్చింది.

“మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో. కండ్లు తిరుగుతాయి.”

ఇద్దరూ గదికి గడియ పెట్టుకుని భానుప్రియ పేజీ తెరిచారు. ఎవరో పిల్ల ఫొటోలు. మొదట్లో బూరెబుగ్గలు. రాను రాను, ఫొటో ఫొటోకూ పిల్ల తరిగిపోతూ వచ్చింది. ఆఖరి ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. అది మూడేళ్ళ కిందటిది. ఆ తరవాత ఏమీ లేదు.

“ఏ పిల్ల ఫొటోలో దొంగిలించి పెట్టుకున్నాడు, దొంగసచ్చినోడు!” అంది నాగవేణి.

లోహిత మాత్రం ఆ ఆఖరి ఫొటో మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎంత సన్నగా ఉంది! నాగవేణి అటు తిరిగాక, ఆ ఫొటోనే తన ఫోను తెర మీద పెట్టుకుంది. నేనూ ఇట్లా కావాలి, అనుకుంది.

వార్డెన్ శకుంతలమ్మకు కామెంట్ల సంగతి చెప్పారు. ఆమె మధ్యాహ్నం భోజనాల వేళ అందరి ముందూ గొంతెత్తింది.

“మా పిల్లను ఎవురో ఎంటాడతా ఉండారు. రేపు పోలీసులకు కంప్లైంటు ఇస్తా. ఆ ఫోను ఎవురిది, యాడుండాది, గంటలో తీస్తారు వాళ్ళు!”

చిన్న కిటికీ అవతల కంచాలు దబదబా జారిపడ్డాయి.

“మెల్లిగా!” అని కసిరింది శకుంతలమ్మ, అటు తిరగకుండానే.

సాయంత్రం ఇంకొక కామెంటు.

“రేపటి నుంచి నేను సూడను. నువ్వే సూసుకో తల్లీ.”

“బెదిరిస్తా ఉండాడు మే!”

తెల్లారేసరికి భానుప్రియ పేజీయే లేదు. హమ్మయ్య అనుకున్నారు.

నాలుగో రోజు పొద్దున, కాలేజీకి దిగుతూ లోహిత గోడ పట్టుకోలేదు.

పదకొండు మెట్లు. తల పగిలింది.

“ఒంట్లో నెత్తురే లేదు. ఎన్నాళ్ళుగా తినలేదమ్మా ఈ బిడ్డ?” అని అడిగాడు డాక్టరు. వాళ్ళమ్మ నాగవేణి వైపు తిరిగింది. నాగవేణి తల దించుకుంది. ఎనభై మందిలో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇరవై రోజులకు, తలకు కట్టుతో, అమ్మ భుజం పట్టుకుని, సామాన్లు తీసుకుపోవడానికి వచ్చింది లోహిత. వంటామె పోలేరమ్మ కంచం తెచ్చి చేతికిచ్చింది.

“ఇదేనా పాపా నీది? దీని మీద పేరు కృపామణి రోజూ వేలు పెట్టి సదవతా ఉండె.”

“కృపామణి ఎవరక్కా?”

“ఈ కిటికీ ఎనకాల కంచాలు కడిగేది. ‘ఈ బిడ్డకు పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తా ఉండాది పోలేరమ్మా’ అని కండ్లనీళ్ళు పెట్టుకునేది.”

“నాతో చెప్పొచ్చు కదక్కా!”

“పనోళ్ళు మీతో మాట్లాడితే పనిలోంచి తీసేస్తారు గదా. వార్డెనమ్మకు చెప్పింది ఒకతూరి. ‘నీ పని కడగడం, కడుగు’ అనిందంట.”

“ఇప్పుడు యాడుండాది?”

“పోలీసులనే మాట ఇని, ఆ సాయంత్రమే మూట కట్టుకుని పోయింది. యాడికో తెలీదు. ఏం తప్పు చేసిందని బెదిరిందో!”

లోహిత చేతిలో ఫోను ఠింగుమని వెలిగింది. తెర మీది ఫొటో చూసి పోలేరమ్మ బిగుసుకుపోయింది.

“ఈ బిడ్డ నీకెట్ల తెలుసు పాపా? మా కృపామణి కూతురు భానుప్రియ గదా, తిండి మానేసి మెట్ల మీద పడి సచ్చిపోయి మూడేండ్లాయె, దాని ఫోనే ఇన్నాళ్ళూ వాళ్ళమ్మ కొంగున కట్టుకుని తిరిగింది.”