పదిహేడు ఒకట్లు

లెక్కల లెక్చరర్ గది ముందు బెంచీ మీద ఒక ముసలాయన పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాడు.

చూడగానే లెక్చరర్‌కి విసుగొచ్చింది. పదిహేడు ఒకట్లు వరసగా వేస్తే వచ్చే సంఖ్యను ఒకటీ, అదీ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించదని తను తేల్చినట్టు పేపర్లో పడింది. అప్పటి నుంచీ ఇలాంటివాళ్ళ తాకిడి ఎక్కువైంది.

తేల్చడమంటే మాటలా మరి. భాగించే వీల్లేనివాటిని వడపోయగా మిగిలిన సంఖ్యలే దాదాపు నాలుగు లక్షలు. ఒక్కొక్కదానితో చేత్తో భాగిస్తూ పోతే పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా ఇంట్లో కూతురు నడక నేర్చింది, బడిలో చేరింది, తండ్రిని పలకరించడం మానేసింది. వ్యాసం ఒక గణిత పత్రికకు వెళ్ళింది. అచ్చయితే ప్రొఫెసర్ పదవి ఖాయం.

ముసలాయన లేచి నిలబడటానికే ఆయాసపడ్డాడు.

"ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడుతో ఇంకోసారి భాగించి చూడండి బాబూ."

"అన్నిటితోనూ చూశాను. ఇంతకీ మీరెవరు?"

"అది చెప్పకూడదండి."

లెక్చరర్‌కి నవ్వాగలేదు.

"నా ముందు ఒక్కసారి చెయ్యండి. వ్యాసం మీ అంతట మీరే వెనక్కి తీసుకుంటే ఎవరికీ తెలీదు."

"క్లాసుంది పెద్దాయనా. ఇంటికెళ్ళి పడుకోండి."

గోడ పట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే లెక్చరర్ చూశాడు కూడా. పాపమనిపించలేదు.

వ్యాసం అచ్చయింది. పది రోజులు పొగడ్తలే పొగడ్తలు. పదకొండో రోజు ఎక్కడి నుంచో ఒక విద్యార్థిని ఉత్తరం రాసింది. సరిగ్గా ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం సున్నా వస్తోందట.

పాత నోట్‌బుక్ తీశాడు. ఒకచోట తొమ్మిదిలోంచి నాలుగు తీసేసి ఆరు వేసి ఉంది. చంటిపిల్లలు చేసే తప్పు.

ప్రొఫెసర్ పదవి చేజారింది. కాలేజీలో తలెత్తుకోలేకపోయాడు.

"ఇన్నేళ్ళూ దీనికోసమేనా నాన్నా?" అని కూతురు అడిగింది. వెటకారమైనా బాగుండేది. తెలియకే అడిగింది. ఆ పూట అతనికి చచ్చిపోవాలనిపించింది.

ఇక మిగిలింది కోపమొక్కటే. పత్రిక ఆఫీసుకు వెళ్ళి సంపాదకుణ్ణి నిలదీశాడు. అచ్చుకు ముందు సరిచూసినవాడు గాడిదలు కాస్తున్నాడా, ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే తన బతుకు ఇలా బజారున పడేదా అని అరిచాడు.

సంపాదకుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. సరిచూసేవారు తామెవరో రచయితకు చెప్పకూడదన్నది పత్రిక నియమమనీ, ఆ మనిషే ఇప్పుడు లేరు కాబట్టి దాచాల్సిన పనిలేదనీ అన్నాడు. ఆయన వారం గడువు అడిగారట, కారణం చెప్పలేదట. ఆ వారంలోనే రైల్లో గుండె ఆగింది. అభ్యంతరమేమీ రాలేదు కదా అని వీళ్ళు అచ్చు వేసేశారు.

"రైల్లోనా? ఎక్కడికెళ్తూ?"

"మీ ఊరి నుంచి తిరిగొస్తూ. తప్పుందని కాగితం మీద పెడితే ఒక కుర్రాడి బతుకు పాడైపోతుంది, వెళ్ళి చెవిలో చెప్పొస్తానని ఇంట్లో అని బయల్దేరారట."