దొంగ మెడ

బావమరిది మెడనొప్పి దొంగదని అతను మొదటి వారంలోనే కనిపెట్టేశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

మూడు నెలల కిందట, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న వాళ్ల కారును వెనకనుంచి ఓ వ్యాను గుద్దింది. కారు నడుపుతున్నది అతను, పక్కన కూర్చున్నది బావమరిది. ఆ మర్నాడే బావమరిది మెడకు పట్టీ కట్టించుకుని అక్క ఇంట్లో మకాం పెట్టాడు. వ్యాను డ్రైవరు మీద కేసూ పెట్టాడు.

మొన్న ఆ డ్రైవరు గుమ్మం ముందు నిలబడి, "లైసెన్సు పోతే నా బతుకు రోడ్డు మీదికొస్తుంది సార్" అన్నాడు.

"వాడి మెడ బాగానే ఉందని రుజువు చేసే పూచీ నాది" అని ఛాతీ విరుచుకుని మాట ఇచ్చాడు అతను.

వెనక ఫోన్ మోగితే చాలు, బావమరిది తల గిర్రున తిరిగేది. మంచం వాడికి వదిలేసి సోఫాలో పడుకున్న పుణ్యమా అని, పక్కకు చూడాలంటే అతనే మనిషి మొత్తంగా తిరగాల్సి వచ్చేది. ఆ మంట ఒకటి.

అతను పనిచేసేది ఆస్పత్రి స్కానింగ్ గదిలో. వెనకనుంచి కుదుపు తగిలినవాళ్లలో కొందరికి మెడ లోపలి కండల్లో కొవ్వు చేరుతుందట; అక్కడి పెద్ద డాక్టరు దాని మీద పరిశోధన చేస్తున్నాడు.

"ఊరికే స్కాన్ తీయిస్తాను, రారా" అని పిలిచాడు అతను.

"తీయించు బావా. నొప్పి ఫోటోలో పడదుగా" అన్నాడు బావమరిది ధీమాగా.

పక్కన పెట్టి పోల్చడానికి ఓ మంచి మెడ ఉండాలి కదా అని, అతను తన మెడకూ స్కాన్ తీయించుకుని, రెండూ డాక్టరుకు అప్పగించాడు.

సాయంత్రం డాక్టరు హడావిడిగా మెట్లు దిగుతూ కనిపించాడు. "చూశానయ్యా. ఒక మెడ దుక్కలా ఉంది. రెండోదే, పాపం, కండ నిండా తెల్లటి కొవ్వు చారలు. ఇన్నాళ్లూ ఆ నొప్పిని ఎలా ఓర్చుకున్నట్టో!"

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి బావమరిది పక్కన కూలబడ్డాడు. "నిన్ను దొంగవనుకున్నాన్రా. తప్పయిపోయింది."

బావమరిది ఓ క్షణం బిత్తరపోయాడు. వెంటనే తేరుకుని మూలిగాడు. "పర్లేదు బావా. ఆ దిండు కాస్త ఇలా జరుపు."

"మా తమ్ముడి బాధ మీకెప్పుడు పట్టింది గనక" అని భార్య కళ్లొత్తుకుంది.

అతను బావమరిది తరఫున సాక్ష్యం చెబుతానని కాగితం మీద సంతకం పెట్టేశాడు.

మర్నాడు డ్యూటీలో అతన్ని చూసి డాక్టరు ఆగిపోయాడు. "సెలవు పెట్టలేదా?"

"నాకెందుకండీ సెలవు? మెడ పాడైంది మా బావమరిదికి కదా."

డాక్టరు కళ్లజోడు తీసి అతనివంక జాలిగా చూశాడు.

"మీ బావమరిది మెడకేమయ్యా, నిక్షేపంలా ఉంది. నేను చెప్పింది నీ మెడ సంగతి."