శుక్రవారం బొమ్మ

పొద్దు వాలకముందే బొమ్మ పూర్తిచేసి అమ్మ చేతిలో పెట్టాను. మా బ్రాంక్స్ పేట పిల్లలంతా ఎగబడి చదివే నా బొమ్మల కథల్లోని గగనవీరుడు మొదటిసారి కన్నతల్లి దగ్గరికి వచ్చే ఘట్టం అది. ఆ తల్లికి మా అమ్మ ముఖమే పెట్టాను.

"నేను కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని శుక్రవారం ప్రార్థన చేస్తున్నట్టు వేశావుగా నిన్న! ఆ కొవ్వొత్తులేవిరా, మెండెల్?"

"ఎడిటర్ తీసేయమన్నాడమ్మా. ఆ కొవ్వొత్తుల వల్ల వీరుడు యూదుడని తెలిస్తే పుస్తకం ఎవరూ కొనరట."

"ఎప్పుడన్నాడు? ఆయనకి చూపించేది సోమవారం కదా?"

చెయ్యి వెనక్కి దాచుకున్నాను. కొవ్వొత్తుల మీద పూసిన తెల్లరంగు నా గోటి మీద ఇంకా ఆరలేదు.

"నయం, నన్ను కూడా చెరిపేశావు కాదు," అంది అమ్మ. "కొవ్వొత్తులు లేకపోతే ఆవిడ ఏడుస్తున్నట్టుందిరా. అంత మొనగాణ్ణి కన్నదానికి ఏడవాల్సిన ఖర్మేంటి?"

"కొడుకొచ్చాడన్న ఆనందం అనుకుంటార్లే."

అమ్మ బల్లమీద రెండు కొవ్వొత్తులు వెలిగించి, అరచేతుల్లో ముఖం దాచుకుంది. ప్రార్థన ముగిసి చాలాసేపైనా చేతులు తియ్యలేదు.

ఎదురుగా కొవ్వొత్తులు వెలుగుతూనే ఉన్నా, అచ్చం అవి చెరిపేసిన నా బొమ్మలాగే ఉంది.