అడుగు దూరం

“పరుగంతా నీ వెనకాలే ఉన్నాను బంగారం, అడుగు దూరంలో,” అన్నాడు కర్ట్, అరటిపండు ఒలిచి నా నోటికందిస్తూ.

పెళ్లయ్యాక ఇదే మా మొదటి పందెం. నాతోనే పరిగెడతానని క్లబ్బు వ్యానులో అందరి ముందూ ఒట్టేశాడు. చివర్లో వచ్చినా నాకు గాల్లో తేలుతున్నట్టే ఉంది.

అంతలో మైకు గరగరలాడింది. “ఆడవాళ్లలో మొదటి బహుమతి, మారిన్ డోయల్.”

ఆ కప్పు కోసం ఏడాదిగా చెమటోడ్చిన మా కెప్టెన్ గ్లెండా నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వా? నేను పందెం ముగించి బట్టలు మార్చుకున్నాక కదమ్మాయ్ నువ్వొచ్చింది.”

వంగి నా చొక్కా మీది నంబరు చూసుకున్నాను. దాని కింద కర్ట్ పేరుంది. పొద్దున వ్యానులో ముద్దులాడుకుంటూ ఒకరి నంబరు ఒకరికి పిన్నులు పెట్టేశాం. ఎవరి నంబరు గీత దాటితే లెక్కలో వాళ్ల పేరే. నా పేరు కర్ట్ ఛాతీ మీద ఎక్కి, నాకంటే గంట ముందే గీత దాటేసింది.

“అడుగు దూరమా?” అన్నాను.

“జనం తోసేశారు మారిన్,” అన్నాడు, చేతిలోని తొక్కను చూస్తూ.

“గ్లెండా, కప్పు మీదే. తిరిగి వెళ్లేటప్పుడు ఈయన్ని కూడా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి, మీ వేగానికి సరిజోడు. నేను వెనక సీట్లో ఉంటాను, అడుగు దూరంలో.”