వెనుక సీటు

బండ్లే సాక్ష్యం చెప్పే కాలం వచ్చాక లోక్ అదాలత్‌లో వాదనలు తగ్గిపోయాయి. జరిమానా కొంతైనా తగ్గించమని హన్మకొండ కోర్టుకు వచ్చింది శమంత. వెనుక కూర్చున్న మనిషికి హెల్మెట్ లేదన్నది ఆమె మీద కేసు.

"వెనుక ఎవ్వరు లేరు సార్. నేనొక్కదాన్నే పోతున్న."

గుమాస్తా నరహరి ఆమె స్కూటర్ విన్న మాటలు వినిపించాడు. గుంత వచ్చినప్పుడల్లా శమంత గొంతే: "గట్టిగ పట్టుకో బిడ్డా."

"నువ్వట్ల అంటుంటే బండి మనిషున్నదనే అనుకుంటది గదమ్మా. ఎవరామె?"

"నా బిడ్డ. పోయిన ఎండకాలం జరమొచ్చి సచ్చిపోయింది. నోటికి అలవాటైపోయింది సార్."

నరహరి రికార్డింగ్ ఆపేశాడు. "ఎవ్వరు లేరని బండికి ఇనపడేటట్టు చెప్పమ్మా. కేసు కొట్టేస్తరు. బండి గూడ మళ్ల పొరపడదు."

ఇద్దరూ బయటికి వచ్చారు. శమంత దగ్గరికి వెళ్లగానే స్కూటర్ ఎప్పటిలాగే మెల్లగా కిందికి వంగి, చిన్న కాళ్లకు అందేలా వెనుక ఫుట్‌రెస్టులు విప్పింది. ఎక్కేవాళ్ల కోసం కదలకుండా నిలబడింది.

ఎవ్వరు లేరని చెప్పడానికి శమంత నోరు తెరిచింది. వెనుక సీటు మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"జరిమానా మొత్తం రాసుకోండి సార్," అంది చివరికి.

ఇంటికి వెళ్తూ హెల్మెట్ల దుకాణం ముందు ఆగింది.

"పిల్లలదా అమ్మా? తల ఎంతుంటది?" అడిగాడు దుకాణదారు.

శమంత రెండు అరచేతులూ గాలిలో గుండ్రంగా పట్టి చూపించింది. రోజూ ఆ తలకు నూనె రాసిన చేతులవి. కొలత మరిచిపోలేదు.